బీడీల పెద్దవ్వ పోగు

మా చిన్నోడికి ఈ మధ్య కత్తి పిచ్చి పట్టింది. ఆదివారాలు దోస్తులతో మానేరు ఒడ్డుకు పోయి వంట చేసుకుంటారట, దానికని ఫోన్లో చూసి ఒక పెద్ద కత్తి తెప్పించుకున్నాడు. వచ్చిన రోజే మొహం ముడుచుకున్నాడు. "పైకి సోకే గాని కొట్టుడుకు పనికస్తలేదమ్మా, అంచు మరీ మందమున్నది" అన్నాడు. అప్పటినుంచి సెలవు వచ్చిందంటే సిరిసిల్లలో మా డాబా మీద గ్రైండర్ మోతే. పైనున్న నల్ల రంగు గీకేశాడు. ప్లాస్టిక్ పిడి పీకేసి కర్ర పిడి బిగించాడు. అంచు పలచన చేశాడు. నాకు సాంచాల చప్పుడు ఏళ్ల తరబడి అలవాటే, ఆ మరమగ్గాల పక్కనే నిద్రపోయే చెవులు నావి. ఈ గ్రైండర్ చప్పుడు మాత్రం ఎందుకో పడలేదు.

పోయిన ఆదివారం పని అయిపోయిందని నన్ను పైకి పిలిచాడు. పళ్లెంలో మాంసం తెచ్చి పెట్టుకున్నాడు. కత్తి మొనతో ఒక ఎముకను అలా తాటించి, "ఇనమ్మా, ఎట్ల పలుకుతున్నదో!" అన్నాడు. టింగుమంది. మోకాలు గుంజుతోందని చెప్పి కిందికి వచ్చేశాను. మోకాలికేమీ కాలేదు. అబద్ధాలు నాకు చిన్నప్పటినుంచీ తేలిగ్గానే వస్తాయి.

ఆ సంగతే చెప్తాను. అరవై దాటాక కూడా చెప్పకపోతే ఇంకెప్పుడు చెప్తాను?

మాది వెల్గటూరు దిక్కు, గోదారికి దగ్గర్లో ఒక ఊరు. ఊరికి ఎడంగా మా వాడ, పన్నెండు ఇళ్లు. ఒక్కరికీ గుంట భూమి లేదు. ఊళ్లో వాళ్ల పొలాల్లో నాట్లు, కలుపులు, కోతలు, పసుపు తవ్వడం, ఇదే బతుకు. వారమంతా మక్క గటక, అంటే మొక్కజొన్న సంకటి, పచ్చిపులుసు. వరి కోతలు అయి ఇళ్లల్లో నాలుగు గింజలు పడ్డాక మాత్రం ఎండలు ముదిరే దాకా మా వాడకు వేరే కళ వచ్చేది. ఆదివారం వస్తే పన్నెండు ఇళ్లూ కలిసి ఒక యాటను కోసుకునేవాళ్లం. మేకపోతునో గొర్రెపోతునో మా వైపు యాట అంటారు.

ఆ ఆదివారాల వాసన నాకింకా తెలుసు. పొద్దున్నే తలకాయా కాళ్లూ మంటలో కాల్చే వాసన, కోసి తెచ్చిన మోదుగాకుల పచ్చి వాసన, ఇళ్లల్లో నూరుతున్న ధనియాల వాసన. పిల్లలం ఆకలితో కుక్కపిల్లల్లా అక్కడక్కడే తిరిగేవాళ్లం. మా బాపమ్మ, అంటే మా నాయన తల్లి, గుమ్మంలో కూర్చుని అరిచేది. "ఓ పోరీ, గా యాట సుట్టు తిరుగుతె నీ కడుపు నిండుతదా? పొయ్యిల కట్టె పెట్టుపో!" నేను పోయేదాన్ని కాదు. ఎందుకంటే ఆ పనిలో నాకొక పెద్ద హోదా ఉంది.

యాటను కోసేది, పంచేది మా బాపు. తండ్రిని మేము బాపు అనేవాళ్లం. తాత నుంచి ఆ పని ఆయనకొచ్చింది. చింత మొద్దు మీద మాంసమంతా కొట్టి, మోదుగాకుల మీద పన్నెండు పోగులు పెట్టేవాడు. చేత్తో ఎత్తి చూసి, ఇందులోంచి ఒక ముక్క అందులోకి, అందులోంచి ఒకటి ఇందులోకి. ఎంత సరిచేసినా ఒకదాంట్లో మెత్తటి కండ ఎక్కువ పడుతుంది, ఒకదాంట్లో మెడ ఎముకలు ఎక్కువ పడతాయి. ఎముకలను మా వైపు బొక్కలంటాం. మరి ఎవరికి ఏ పోగు? దానికే నేను. నేను గోడ వైపు తిరిగి, పోగులు కనబడకుండా నిలబడేదాన్ని. బాపు కత్తి మొనతో ఒక పోగును తాకి అడిగేవాడు, "గిదెవలికి?" నేను నా నోటికొచ్చిన ఇంటిపేరు చెప్పాలి. "మూలింటోళ్లకు." మళ్లీ తాకేవాడు. "గిదెవలికి?" "బాయికాడోళ్లకు." అలా పదకొండు ఇళ్లు. చివరికి మిగిలిన పోగు మాది. పంచేవాడు ఆఖరున తీసుకోవాలని ఆయన నియమం.

"దేవుడు పిల్లల నోట్లె ఉంటడు" అనేవాళ్లు పెద్దలు. నేను చెప్పాక ఎవ్వరూ నోరెత్తేవాళ్లు కాదు. బొక్కలు వచ్చినా నవ్వుకుంటూ ఆకు చుట్టుకుని పోయేవాళ్లు, వచ్చే వారం చూసుకుందాంలే అని. పదేళ్ల పిల్లను, దేవుడు నా నోట్లో ఉన్నాడని వాడంతా నమ్మింది. నేను కూడా కొంచెం నమ్మాను.

ఆ కత్తి తాతల నాటిది. లారీ కమాన్ పట్టాతో చేసింది, నా మోచేతంత పొడుగు, సూటిగా, మందంగా ఉండేది. దానితో కొడితే బొక్క తెగేది కాదు, నలిగేది. సన్నటి పెచ్చులు మాంసంలో కలిసిపోయేవి. ఒక ఆదివారం అలాంటి పెచ్చొకటి బీడీల పెద్దవ్వ చిగుళ్లలో దిగింది.

బీడీల పెద్దవ్వ అంటే మా మూడో ఇంటామె. భర్త లేడు, పిల్లలు లేరు. రోజంతా చాటలో ఆకూ తంబాకూ పెట్టుకుని బీడీలు చుట్టేది. వయసు యాభై లోపే గానీ నోట్లో పళ్లన్నీ ఊడిపోయాయి. మా బాపుకు వరసకు వదిన. పెచ్చు దిగి వారం రోజులు దవడ వాచి, గంజి తాగి బతికింది. బాపు చూడటానికి పోతే వాచిన దవడతోనే ఎకసెక్కమాడింది. "ఏం మరిదీ, నన్ను గూడ పోగులేద్దామనుకున్నవా?"

బాపు నవ్వలేదు. ఇంటికొచ్చి కత్తి అంచును వేలితో తడిమి చూశాడు. "గీ కత్తి తీరు మార్పియ్యాలె" అన్నాడు అమ్మతో. "పండ్లు లేనోళ్లు గూడ తినాలె గదనే."

అమ్మ పుట్టిల్లు కొడిమ్యాల దిక్కు. అక్కడ చెయ్యి తిరిగిన కమ్మరి తాత ఉన్నాడని బాపు నన్ను కూడా వెంటబెట్టుకుని బస్సెక్కాడు. ఆ ముసలాయన కత్తిని రెండు వేళ్ల మీద నిలబెట్టి తూకం చూశాడు, చూసి వెక్కిరించాడు.

"గిది కత్తి గాదురా, గడ్డపార. బరువంత పిడికాడ పెట్టుకున్నది. కొట్టేటప్పుడు దాని తల పడాలె, నీ చెయ్యి గాదు."

"బొక్క నలగద్దు తాతా, తెగాలె" అన్నాడు బాపు.

"గట్లయితె మూతి ముందటికి దించుత. ముందల పలుసగ, ఎనుక జెర మందంగ. ముందటి దానితోని మెత్తది కొయ్యి, ఎనుకటి దానితోని బొక్క కొట్టు. సమజైందా?"

రెండు రోజులు పట్టింది. నేను మేనమామ ఇచ్చిన బెల్లం పల్లీలు నములుతూ కొలిమి ముందు కూర్చున్నాను. ఎర్రగా కాల్చి సమ్మెటతో సాగదీస్తే ఆ సూటి కత్తికి మెల్లగా ముందు భాగంలో బొజ్జ వచ్చింది. వెనక వీపు కాస్త సన్నగిల్లింది. ఆకురాయితో అంచు తీశాడు. మళ్లీ ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే సుయ్యిమంది. అయిపోయిందని నేను లేచాను. తాత నన్ను కసిరాడు. "కూసో పోరీ, ఆగమాగం జెయ్యకు. గిప్పుడు గిది అద్దం లెక్క, కొడితె పలుగుతది." మళ్లీ నిప్పుల మీద వెచ్చ చేస్తూ, అంచు ఎండుగడ్డి రంగుకు తిరిగే దాకా కళ్లార్పకుండా చూసి, అప్పుడు పక్కన పెట్టాడు.

మిగతా పని బాపు ఇంటి దగ్గర చేసుకున్నాడు. కూలి నుంచి వచ్చాక పొద్దు గూకేలోపు రోజూ అదే పని. ఇటుక పొడీ చింతపండూ కలిపి రుద్ది నల్ల పొక్కు వదిలించాడు. గోదారి రాయి మీద నూరాడు. తుమ్మకర్రతో కొత్త పిడి చెక్కి, సీసా పెంకుతో గీకి నున్నగా చేశాడు. కొవ్వు చేతికి జారకుండా చివర చిన్న కొక్కెంలా వదిలాడు. పిడి తొర్రలో లక్క పోసి, కత్తి తోకను కాల్చి దింపాడు. ఆ లక్క వాసన రెండు రోజులు ఇంట్లోనే ఉంది. ఆఖరుకు ఆముదం రాసి నా చేతిలో పెట్టాడు. బరువుగా, తల ముందుకు లాగింది. "సూసినవా బిడ్డా, గదే పోతా అంటున్నది" అన్నాడు. మా బాపు అంత సంతోషంగా ఉండటం నేను మళ్లీ చూడలేదు.

మొదటి ఆదివారం వాడంతా ఆ కత్తిని చూడటానికే వచ్చింది. ఒక్కో దెబ్బకు ఒక్కో ముక్క. బొక్క అడ్డంగా తెగి, లోపలి మూలుగ చెదరకుండా కనబడింది. పెచ్చన్నది లేదు. పెద్దవ్వ మెటికలు విరిచి దిష్టి తీసింది. "నా మరిది చెయ్యి సల్లగుండ! నాకోసం కత్తినే మార్పిచ్చిండు సూడుండ్రి!"

నేను గోడ వైపు తిరిగాను. బాపు మొదటి పోగును తాకాడు. చప్పుడు లేదు. రెండోది తాకాడు. సన్నగా, టింగుమంది.

పాత కత్తి మందంగా ఉండేది, దేన్ని తాకినా పలికేది కాదు. ఇది ముందు పలచన, బొక్కకు తగిలితే పలికింది. కండకు తగిలితే పలకలేదు. నాలుగైదు పోగులయ్యేసరికి నాకు అర్థమైపోయింది. ఇంకెవరికీ కాలేదు. వాళ్లు కళ్లతో చూస్తున్నారు, చూసేవాళ్లకు వినాల్సిన పనేముంది? గోడ వైపు తిరిగిన నేనొక్కదాన్నే విన్నాను.

అప్పుడే వెనక్కి తిరిగి "బాపూ, నాకు తెలుస్తున్నది" అంటే అయిపోయేది. బాపు కత్తి పక్కనబెట్టి పుల్లతో తాకేవాడు, అందరూ నవ్వుకునేవాళ్లు. అనలేదు. అందరికీ తెలియంది నాకొక్కదానికే తెలిసిందని లోపల ఒకటే గంతులు.

ఆ వారంలోనే రెండు జరిగాయి. మా వాడలో ఒకాయన బొంబాయిలో పని చేసేవాడు, వాళ్లింటిని బొంబాయోళ్లు అనేవాళ్లం. ఆ ఇంటి పిల్ల నా ఈడుది. వాళ్ల నాన్న పంపిన ఎర్ర సిల్కు రిబ్బను నా జడకు కట్టి, "రేపటిదాక పెట్టుకో" అంది. రెండోది, నేను పెద్దవ్వ ఇంటికి పోయి ఆమె తడిపి పెట్టుకున్న తునికాకులు ఎత్తుకొచ్చి ముక్కలు ముక్కలుగా కత్తిరించాను. ఇసుకతో పోగులు పెట్టే ఆట ఆడుకోవడానికి, ఆ పోగుల కింద వేయడానికి. ఆమె రెండు రోజుల పని పాడైంది. అమ్మకు చెప్పింది. అమ్మ చీపురు తిరగేసి వీపు మీద వాతలు తేల్చింది.

తప్పు నాది, దెబ్బలు నావి, కోపం మాత్రం పెద్దవ్వ మీద. పిల్ల బుద్ధి అంటారు. నాకా మాట నచ్చదు. నేనేం చేస్తున్నానో నాకు బాగా తెలుసు.

ఆ ఆదివారం కత్తి పలకని పోగు బొంబాయోళ్లకు. టింగుమని గట్టిగా పలికింది బీడీలోళ్లకు. రేపటిదాకా అన్న రిబ్బను ఇక నా జడలోనే ఉండిపోయింది. మళ్లీ ఆదివారం అంతే. తర్వాతి ఆదివారం అంతే. పళ్లు లేని మనిషి మెడ బొక్కలు ఇంటికి తీసుకుపోయి, గంటసేపు ఉడకబెట్టి, చీకి చీకి పడేయడం నేను గుమ్మంలోంచి చూశాను. చూసి నవ్వాను కూడా. బొంబాయోళ్ల పిల్లకు చెప్పలేదు గానీ, ఆమె దగ్గర పిప్పర్మెంట్లు కూడా వసూలు చేశాను, "మీ పోగు ఎప్పుడూ మంచిదే అస్తున్నది సూడు" అని ఊరిస్తూ.

నాలుగో ఆదివారం పెద్దవ్వ ఆకు విప్పి చూసుకుంది. చుట్టలేదు. అలాగే తీసుకొచ్చి బాపు ముందు పెట్టింది.

"మరిదీ, నాలుగు మాట్లాయె. నాలుగు మాట్లు నాకు మెడ బొక్కలే. బొంబాయోళ్లకు నాలుగు మాట్లు తొడ కూరనే. గిదేం కథ?"

"పిల్ల నోటికచ్చింది వదినా, నా చేతిలేమున్నది?" అన్నాడు బాపు.

"పిల్ల నీ పిల్లనే గద. వడ్డించెటోడు మనోడైతె కడబంతిల కూసుంటేంది అన్నట్టున్నది. కొత్త కత్తి అచ్చినకాన్నుంచి గిట్లయితున్నది. కత్తికి కొత్త బుద్ధులు నేర్పినవా?"

ఎవరో ఒకరు ఆపుతారనుకున్నాను. ఆపలేదు. మూలింటి పెద్దమనిషి కూడా మెల్లగా అన్నాడు. "నేను గూడ సూస్తనే ఉన్న తమ్మీ. సైగ లెక్కనే కొడుతున్నది." బొంబాయి నుంచి మా ఇంటికేం వచ్చిందని ఇంకొకామె అడిగింది. నా జడలో రిబ్బను అందరూ చూశారు. నేను తల వంచుకున్నాను.

బాపు మొహం నల్లబడింది. మనిషి మెల్లగా మాట్లాడేవాడు, కోపమొస్తే ఇంకా మెల్లగా మాట్లాడేవాడు. నన్ను దగ్గరికి పిలిచాడు.

"బిడ్డా, భయపడకు. నీకు ఏ పోగు ఏదో ఎరికైతున్నదా? ఎరికైతె ఎరికే అని చెప్పు. నేనేమన."

పన్నెండు ఇళ్ల వాళ్లూ నా నోటి వైపే చూస్తున్నారు. ఆయన దారి కూడా చూపించాడు, ఏమీ అననన్నాడు. ఒక్క మాట చెప్పాలి, అంతే.

"నాకేం ఎరిక? గోడ దిక్కు తిరిగి ఉంటిగద!" అన్నాను. అని, ఏడ్చాను కూడా. ఏడుపొస్తే నమ్ముతారని నాకు తెలుసు.

బాపు నమ్మాడు. నా నెత్తి మీద కుడిచెయ్యి పెట్టాడు. "గీ బిడ్డ మీద ఒట్టు. నేను సైగ చెయ్యలే, నా బిడ్డకు ఎరికలేదు. అబద్ధమైతె..." అని ఆగి, "అబద్ధమైతె దేవుడు సూస్తడు" అన్నాడు. ఆ చెయ్యికి కొవ్వు అంటి ఉంది, బరువుగా ఉంది. తర్వాత కత్తిని చింత మొద్దు మీద పెట్టి, "పంచెటోని మీద అనుమానం పడ్డంక వాడు పంచద్దు. ఇంకెవలన్న పంచుండ్రి" అన్నాడు. అప్పటికీ పెద్దవ్వ ఆకు అక్కడే ఉంది. మా వంతు పోగులోంచి మెత్తటి ముక్కలు ఏరి ఆమె ఆకులో వేసి, ఇంటికొచ్చేశాడు.

రెండు రోజుల తర్వాత, ఇంకా పొద్దు ఉండగానే, వాడవాళ్లు తిరిగిచ్చిన కత్తిని బాపు వాకిట్లో కడుగుతున్నాడు. కుక్క తెచ్చి పడేసిన బొక్క ముక్కొకటి కాళ్ల దగ్గరుంటే దాన్ని కత్తి మొనతో అవతలికి నెట్టాడు. టింగుమంది. ఆయన చెయ్యి ఆగిపోయింది. మళ్లీ తాటించాడు. ఇంకోసారి. నేను అరుగు మీద కూర్చుని గుడాలు, అంటే ఉడికిన గుగ్గిళ్లు, తింటున్నాను.

"బిడ్డా, జెర గోడ దిక్కు తిరుగు" అన్నాడు, మామూలుగానే.

తిరిగాను. టింగుమంది. "గిదేంది?" అన్నాడు.

"బొక్క" అన్నాను.

ఈసారి కత్తి పలకలేదు, తడి మట్టికి తాకించినట్టున్నాడు. "గిది?"

"మెత్తది" అన్నాను. అన్నాకే నేనేమన్నానో నాకు తెలిసింది. గుడాల గిన్నె చేతిలోంచి జారింది.

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. బాపు అక్కడే తడి నేల మీద కూలబడ్డాడు. "నీ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు పెట్టుకుంటి గదనే" అన్నాడు. ఆయన బాధ వాడ గురించి కాదు, పెద్దవ్వ అన్న మాటల గురించీ కాదు. తప్పుడు ఒట్టు ఎవరి నెత్తి మీద పెడితే వాళ్లకు తగులుతుందని మా వాళ్ల నమ్మకం. నాకేమవుతుందోనని ఆయన భయం.

నేను కాళ్లు పట్టుకున్నాను. దేనికి? తప్పయిందని కాదు. "బాపూ, ఎవలకు చెప్పకు. నీ కాళ్లు మొక్కుత, ఎవలకు చెప్పకు. అందరు నన్ను దొంగ అంటరు" అని. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా నాలుక కోసుకోవాలనిపిస్తుంది. ఆయన దొంగ అనిపించుకున్నాడు, నేను అనిపించుకోకూడదు.

"ఎవలకు చెప్ప తియ్యి" అన్నాడు బాపు. లేచి గిన్నె నా చేతికిచ్చాడు. "ఒట్టు తప్పింది నేను. తగిలితె నాకే తగలాలె. నీకు గాదు."

ఆ రోజునుంచి మా బాపు మాంసం ముట్టలేదు. చేప గానీ, గుడ్డు గానీ, ఏదీ. ఆదివారం వస్తే మాకందరికీ కూర వేయించి, తాను ఉల్లిగడ్డ, కారం పెట్టుకుని తినేవాడు. అమ్మ బతిమిలాడింది, తిట్టింది. "గంత రోషమేందయ్యా! ఆమె ఏదో అన్నదని నోరు కట్టుకుంటవా?" బాపమ్మ కంచం ముందు కూర్చుని ఏడ్చింది. కొడుకు మనసు విరిగిందని వాళ్లు అనుకున్నారు, వాడంతా అనుకుంది. నేను ఆయనకు ఎదురుగా కూర్చుని కూర తినేదాన్ని. తినకపోతే అడుగుతారని మొదట భయంగా తిన్నాను. తర్వాత భయం పోయింది, తినడం మిగిలింది.

అంత ప్రేమగా చేసుకున్న కత్తిని ఆయన పొయ్యి కట్టెలకు వాడాడు. అంచు పళ్లుపళ్లుగా విరిగింది. ఆదివారాలు వాడలో ఉండలేక కోరుట్లకు పోయి మూటలు మోసే పనిలో చేరాడు. పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. నా పెళ్లిలో రెండు యాటలు కోశారు. మా మామ "వియ్యంకుడు తినకుంటె నేను ముద్ద ముట్ట" అని పట్టుబడితే బాపు చేతులు జోడించి నవ్వాడు. "మొక్కున్నది బావా" అన్నాడు. అప్పుడు ఆయన నా వైపు చూడలేదు. ఎప్పుడూ చూడలేదు, ఆ మాట వచ్చినప్పుడు. నన్ను కాపాడటానికి ఆయనకది బాగా అలవాటైపోయింది.

చాలాసార్లు చెప్పాలనుకున్నాను. కోరుట్లలో ఆయన గదికి ఒకసారి ఒంటరిగా పోయాను కూడా, "బాపూ, వాడల అందరికి చెప్త, నువ్వు మల్ల తిను" అందామని. ఆయన నాకోసం హోటల్ నుంచి మటన్ తెప్పించి పెట్టాడు. తిని వచ్చేశాను.

అరవై నిండకుండానే బాపు పోయాడు. పదకొండో రోజు పిట్టకు పెట్టాము. చనిపోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి, కాకి ముట్టేదాకా చూస్తారు మా వైపు. అమ్మ ఆకు నిండా మాంసం పెట్టించింది. "నోరు కట్టుకుని ఎన్ని ఏండ్లాయెనో. గిప్పుడన్న తినని" అంది. మిట్టమధ్యాహ్నం, ఎండ దంచుతోంది, పిల్లలు గోల చేస్తున్నారు. కాకి రాలేదు. కాకికేం తెలుసు, ఆ ఎండకు ఏ పిట్టా రాదు. కానీ జనం అలా అనుకోరు కదా. "ఏం మనసుల పెట్టుకుని పోయిండో" అని గుసగుసలు మొదలయ్యాయి.

అప్పుడు బీడీల పెద్దవ్వ లేచింది. నడుము పూర్తిగా వంగిపోయింది. చేతుల మీద పాకినట్టు ఆకు దాకా పోయి, నేలకు నుదురు ఆనించింది.

"మరిదీ, నీ బాంచెన్, ముట్టు. నాదే తప్పు. నాలుగు బొక్కల కోసం నిన్ను నలుగుట్ల దొంగను జేస్తి. నా నోట్ల మన్నుబడ. నా మాటకే గద నువ్వు నోరు కట్టుకున్నది, నా మాటకే గద ఊరిడిసి పోయింది. ముట్టు మరిదీ!"

ఎవరు లేపినా లేవలేదు. ఆఖరుకు నా వైపు తిరిగి నా కాళ్ల కోసం చేతులు చాపింది. "బిడ్డా, ఆయిన ఇనకపాయె. నువ్వన్న నన్ను మాఫ్ చెయ్యి."

అందరూ మళ్లీ నా నోటి వైపే చూశారు. మా అత్తగారి వైపు వాళ్లు ఉన్నారు, నా భర్త ఉన్నాడు, నా ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఒక్క మాట చెప్పాలి, అంతే. ఇప్పుడు నేను పదేళ్ల పిల్లను కూడా కాదు.

వంగి ఆమెను లేపాను. "పోనీ తియ్యి పెద్దవ్వా. నువ్వేం కావాలని అన్నవా? బాపు ఏం మనసుల పెట్టుకోలే. నేను గూడ పెట్టుకోలే" అన్నాను. ఆమె నా రెండు చేతులూ కళ్లకద్దుకుని ఏడ్చింది. తండ్రి గుణమే వచ్చిందని వాడంతా నన్ను మెచ్చుకుంది.

ఆ తర్వాత ఆమె నాలుగేళ్లు బతికింది. నేను సిరిసిల్ల నుంచి వస్తున్నానని తెలిస్తే చాలు, తన పోగులో మెత్తటి ముక్కలు ఏరి, వేరే గిన్నెలో వండి, మూత పెట్టి నా కోసం దాచేది, మాఫ్ చేసిన పిల్లనని. నేను పక్కన కూర్చుంటే వడ్డిస్తూ తాను చారు తాగేది. నేను మొత్తం తిని, గిన్నె కడిగి ఇచ్చి వచ్చేదాన్ని.